నీలం తలుపుల ఫోటో

లక్సెట్టిపేట, 1968 ఎండాకాలం, పొద్దున పూట. బోర్డులు రాసే కైలాసం ఇంట్లో అతనూ, భార్య దుర్గవ్వా, కూతురు బాలలక్ష్మీ.

“అంగీ ఎక్కడ పెట్టినవే?”

“ఏ అంగీ?”

“తెల్లంగి. పొల్ల వరపూజకు తొడుక్కున్నది.”

“వరపూజకు తొడుక్కున్న అంగీతోటే పోయి వరపూజ తెంపుకొని వస్తవా?”

“ఔ. గదే అంగీ. ఇయ్యి. పదకొండు గంటల బస్సుకు మంచిర్యాల పోవాలె. ఆడ రైలెక్కి కాగజ్‌నగర్ పోవాలె. మా పొల్లను మీ మొగిలికి ఇయ్యం అని వాళ్ళ బాపు మొఖం మీద్నే చెప్పొస్త.”

“ఉతికిన. తడిగున్నది.”

“నిన్న పొద్దుగాల ఉతికినవ్. గీ ఎండల ఇంకా తడిగుంటదా?”

“జర మెల్లగ మాట్లాడు. పొల్ల లోపట్నే ఉన్నది.”

“ఇననియ్యి. దాని గురించే గద. ఏ బాలలక్ష్మి, ఇంటున్నవా?”

“ఇంటున్న బాపు.”

“మంచిగ ఇను. నీకు కుదిరిన గా కాగజ్‌నగర్ పోరడు నెలల మూడుసార్లు గీడికొచ్చిండట. మంచిర్యాలల సైకిలు కిరాయికి తీసుకొని ఇంతదూరం తొక్కుకుంట వచ్చి, మన ఇంటి ఎదురుంగ పిండి గిర్ని ముందట నిలబడ్డడట. నిలబడి ఇటు దిక్కే చూసిండట. హోటల్ అంజన్న చెప్పిండు నాకు, నలుగురిల. నా ఇజ్జత్ ఏం గావాలె?”

“చైను పడ్డదేమో.”

“నువ్వు మాట్లాడకు దుర్గవ్వా. మూడుసార్లు గా గిర్ని ముందట్నే పడుతదా చైను?”

“కిరాయి సైకిలు గద.”

“నవ్వకు. వరపూజ అయినంక పెండ్లి దాక పిల్ల ఇంటి దిక్కు చూడద్దు. మర్యాద అంటె గది. నేను చూసిన్నా? గీ లక్సెట్టిపేటకు, మీ ఊరికి, నేను మొదలు ఎప్పుడొచ్చిన?”

“పెండ్లినాడు.”

“నీ మొఖం ఎప్పుడు చూసిన?”

“తెర తీసినంక.”

“అగో. తెర తీసినంక. అంతకుముందు నువ్వు నల్లగున్నవో ఎర్రగున్నవో నాకు ఎరుకేనా? పెద్దలు చెయ్యిమన్నరు, చేసుకున్న. మంచిగ బతుకుతలేమా? ఝూట చెప్తున్ననా?”

“నేనన్ననా ఝూటని? పద్దెనిమిదేండ్ల సంది ఇంటున్న.”

“ఇంక అంగీ ఇయ్యి.”

“ఇస్త. పొయ్యే ముందు గిదొక్కటి చూసి పో.”

“ఏందిది?”

“మా తమ్ముడు గంగయ్య పంపిండు. నూలు దుకాణంల అటక దులుపుతుంటె దొరికిందట. మన చౌరస్తా ఫోటో. పటం కట్టిచ్చి దుకాణంల పెడుతడట. కింద ఏ సంవత్సరందో నీతోటి రాపియ్యమన్నడు.”

“వచ్చినంక చూస్త.”

“సరె. లింగమూర్తి సారు చెప్పనే చెప్పిండట. పోలీస్ యాక్షన్ కంటె ముందటిదే అన్నడట. గదే రాపిస్త తీ.”

“లింగమూర్తి సారా? బడిల లెక్కలు చెప్పెటాయనకు ఫోటోల సంగతి ఏం ఎరుక? ఇటు తే.”

“కూసో.”

“కూసోను. నిలబడే చూస్త. రెండు నిమిషాలు.”

“నీ ఇష్టం.”

“ఇది కార్డు. ఎనకకు తిప్పితె అడ్రస్ రాసే గీతలున్నయ్ చూడు. ఎవ్వరికీ రాయలే. ముద్ర లేదు, తారీఖు లేదు.”

“తారీఖు ఉంటె నిన్నెందుకు అడుగుత?”

“పైకెళ్ళి తీసిండు. మనుషుల నెత్తులు కనబడుతున్నయ్, గంపలల్ల ఏమున్నయో కనబడుతున్నయ్. గిటు ఠాణా, గటు అంజన్న హోటల్, నడుమ దర్జీ దుకాణం. అంటె ఎదురుంగ మీ బాపు ఇల్లు. మీ ఇంటి మిద్దె మీదికెళ్ళే తీసిండు ఎవడో.”

“కావచ్చు.”

“కావచ్చు కాదు. అదే. లింగమూర్తి సారు ఠాణా మీద జెండా చూసిండా? చూడలే. నిజాం జెండా గాదిది. మూడు రంగులది.”

“బాపు, నలుపు తెలుపు ఫోటోల మూడు రంగులు ఎట్ల కనబడ్డయ్ నీకు?”

“నువ్వు గూడ వచ్చినవా బయిటికి. రా, చూడు. పైన పట్టీ నల్లగున్నది, కింద పట్టీ నల్లగున్నది, నడిమిది సున్నం తీరుగ మెరుస్తుంది. నిజాం జెండా పసుపు. పసుపు ఫోటోల గిట్ల రాదు, బూడిద తీరుగ వస్తది. ముప్పై ఏండ్ల సంది రంగులల్ల చేతులు పెడుతున్న, నాకు తెల్వదా? పోలీస్ యాక్షన్ ఎనకటిదే ఇది. సారుకు చెప్పు.”

“ఎనకటిదంటె ఎప్పటిదైనా కావచ్చు గద బాపు. నిన్న మొన్నటిది గూడ.”

“నిన్న మొన్నటిదైతె కరెంటు స్తంభం ఏది? ఇగో, మూల మీద గాసునూనె దీపం కంబం ఉన్నది. గీ బస్సు చూడు, ముక్కు పొడుగుది. నిజాం రైలోళ్ళ బస్సు. ఇప్పుడు ఉన్నదా అసుంటిది? నా భూతద్దం తే బిడ్డా, దేవుని బొమ్మలు చూసి దించుతనే, అది.”

“ఇగో.”

“జర పీట వెయ్యి.”

“నిలబడే చూస్తనంటివి?”

“నడుము గుంజుతుంది. నువ్వు ఇటు రాయే దుర్గవ్వా, నీకు గూడ చూపిస్త. అంజన్న హోటల్ బోర్డు చూడు. ఏం రాసున్నది?”

“ఉర్దూల ఉన్నది.”

“ఉర్దూ ఒక్కటే ఉన్నది. కింద తెలుగు వరుస లేదు. గా తెలుగు వరుస రాసింది ఎవరు?”

“నువ్వే.”

“ఎప్పుడు?”

“మన పెండ్లయిన నెలకు.”

“ఈ ఊళ్ళె నా కుంచె పడ్డ మొదటి బోర్డు అది. మీ బాపే తీసుకపోయి అంజన్న వాళ్ళ నాయనకు చూపిచ్చిండు, మా అల్లుడు అచ్చు గొట్టినట్టు రాస్తడు అని. దర్జీ దుకాణం గూడ నేనే రాసిన. ఫోటోల దర్జీకి అసలు బోర్డే లేదు. నా చెయ్యి ఎక్కడా లేదు ఇందుల. దీన్ని బట్టి ఏం తెలుస్తుంది?”

“నువ్వే చెప్పు.”

“నేను ఈ ఊరికి రాకముందటి ఫోటో. పోలీస్ యాక్షన్‌కు ఎనక, మన పెండ్లికి ముంగట.”

“గట్టిగ చెప్తున్నవా? పటం మీద రాసినంక మల్ల మార్చరాదు.”

“నా కుంచె మీద ఒట్టు. అప్పటికి నేను లక్సెట్టిపేటల కాలు పెట్టలే.”

“ఒట్టేసిండు బిడ్డా. యాది పెట్టుకో.”

“యాది పెట్టుకున్న అవ్వ.”

“ఏందది, ఇద్దరు కండ్లతోటి మాట్లాడుకుంటుండ్లు?”

“ఏం లేదు. పోలీస్ యాక్షన్ నలబై ఎనిమిదిల. మన పెండ్లి యాబైల. నడుమ ఏ సంవత్సరమని రాయాలె?”

“ఆగు. గంపలల్ల ముంజలున్నయ్. ఆ పక్కన మామిడికాయల కుప్ప. మనుషుల నీడలు కాళ్ళ కిందనే ఉన్నయ్. అంటె ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, అంగడి దినం. పెండ్లి ముంగట ఎండాకాలాలు ఎన్ని?”

“నలబై తొమ్మిది ఒక్కటి. యాబైల గూడ మన పెండ్లి వైశాఖంల గద, అప్పటికే ముంజలొచ్చినయ్.”

“ఔ. రెండిట్ల ఏదో తేలాలె. ఇక్కడ్నే ఆగిపోతడు లింగమూర్తి సారు. నేను ఆగ. హోటల్ తలుపులు చూడు. పాత తలుపులు. నీలం రంగుయి, నడుమ తెల్ల గీత. కుడి దిక్కు తలుపు కింద చెక్క పుచ్చిపోతె రేకు ముక్క కొట్టి ఉంటుండె, ఇగో, భూతద్దంల చూడు, రేకు కనబడుతుంది. గా తలుపులు నలబై తొమ్మిది దసరకే పీకి టేకుయి పెట్టిండ్లు. తలుపులింకా ఉన్నయంటె ఇది నలబై తొమ్మిది ఎండాకాలమే. రాయి బిడ్డా కాయితం మీద. లక్సెట్టిపేట చౌరస్తా, పందొమ్మిది వందల నలబై తొమ్మిది. పోయి సారుకు చూపియ్యి. ఏమైంది, రాయవేంది?”

“బాపు, తలుపులు ఏ రంగన్నవ్?”

“నీలం.”

“ఫోటోల నల్లగున్నయ్.”

“ఫోటోల నలుపే వస్తది. అసలు రంగు నీలం. మంచి నీలం. అసుంటి నీలం ఇప్పుడు దొరకదు.”

“దసరకు పీకినయ్ అన్నవ్.”

“ఔ.”

“మల్ల ఎండాకాలం గద నువ్వు పెండ్లికి వచ్చింది. బాజాలెంట.”

“ఔ… ఔ గద.”

“మరి నీలం రంగు ఎక్కడ చూసినవ్ బాపు?”

“ఎక్కడ… అంజన్న చెప్పిండు. మాటల మీద చెప్పిండు ఎప్పుడో.”

“రేకు ముక్క గూడ చెప్పిండా?”

“నువ్వు ఊకో దుర్గవ్వా. పాత తలుపులు హోటల్ ఎనక పడేసి ఉంటుండె. బోర్డు రాయబోయినప్పుడు చూసిన.”

“పీకిన దినమే కొట్టి పొయ్యిల పెట్టిండ్లు. పొగ మా ఇంట్లకు వచ్చింది. రంగు చెక్కల పొగ, కండ్లు మండినయ్ రెండు దినాలు.”

“గంత యాదికున్నదా నీకు?”

“నీకు రేకు ముక్క యాదికుంటె నాకు పొగ యాదికుండదా?”

“బస్సు టైమైతుంది. అంగీ ఇయ్యి.”

“తలుపుల ముచ్చట విడిచిపెట్టు. తలుపు పక్కన సైకిలు పట్టుకొని నిలబడ్డ మనిషి ఎవరో చెప్పి పో.”

“ఎవడో ఊరోడు.”

“ఊరోళ్ళందరు నీకెరుకే. ఏ ఊరోడు?”

“మొఖం సరిగ్గ పడలే.”

“భూతద్దం బస్సు మీద పెట్టి మొఖం సరిగ్గ పడలేదంటవేంది బాపు. ఇటు జరుపు. ఇంక జర. అగో. ఎవరు బాపు?”

“తెల్వదు.”

“చెవులు చూడు. గట్ల బయిటికొచ్చిన చెవులు ఈ ఊళ్ళె ఎవ్వరికీ లెవ్వు. మన బాలలక్ష్మికి ఒక్కదానికే ఉన్నయ్.”

“అవ్వా, నా చెవులెందుకు నడుమ?”

“మా చిన్నాయన కొడుకు ఎల్లేశం కావచ్చు. వానియి గూడ గవ్వే చెవులు.”

“ఎల్లేశంకు సైకిలు తొక్కరాదు. ఇప్పటికీ రాదు.”

“తొక్కుతలేడు గద, పట్టుకొని నిలబడ్డడు.”

“మీ ధర్మపురికెళ్ళి గీ ఊరి దాక పట్టుకొని నడిచొచ్చిండా?”

“ఏదో పని మీద వచ్చిన కావచ్చు.”

“వచ్చిన అన్నవ్.”

“వచ్చిండు కావచ్చు అన్న.”

“వచ్చిన అన్నవ్ బాపు. నేను గూడ ఇన్న.”

“ఏందే గీ పంచాది పొద్దున్నే. ఔ, వచ్చిన. ఒక్కసారి వచ్చిన. నూలుకు వచ్చిన. మేం నేతోళ్ళం, మీ బాపుది నూలు దుకాణం. నూలు కొనుటానికి రాకుంట ఎందుకొస్త?”

“నూలు ఏది? సైకిలు మీద ఏం లేదు.”

“ఇంకా కొనలే అప్పటికి.”

“నూలు కొనేటోడు దుకాణంలకు చూస్తడు. అంగట్ల అందరు వాళ్ళ పనిల వాళ్ళున్నరు. ముంజలామె ముంజలు కోస్తుంది, దర్జీ మిషను తొక్కుతుండు, బస్సు డ్రైవరు బీడీ ముట్టిచ్చుకుంటుండు. గీయనొక్కడే నెత్తి లేపి పైకి చూస్తుండు. పైన ఏమున్నది? నువ్వే అంటివి గద, మా మిద్దె ఉన్నదని.”

“ఫోటో పెట్టె దిక్కు చూస్తున్న కావచ్చు.”

“పెట్టె గటు మూలకు ఉండె. నువ్వు చూసేది గిటు మూల దిక్కు.”

“చైను పడ్డది. చైను పడితె నిలబడ్డ. గంతే.”

“కిరాయి సైకిలా బాపు?”

“నువ్వు నవ్వకే. చూడు దుర్గవ్వా, ఎట్ల నవ్వుతుందో నీ బిడ్డ. దానికి చెప్పు.”

“నేను ఎట్ల చెప్పాలె, నాకే ఆగుతలేదు.”

“నవ్వుండ్లి. ఇద్దరు నవ్వుండ్లి మంచిగ.”

“నవ్వం తీ. చెప్పు. మొదలు ఎప్పుడొచ్చినవ్?”

“బస్సు పోతది.”

“అంగీ తెచ్చియ్యాల్నా?”

“అంగీ వద్దు. ఇంక కూసో. జనవరిల. నలబై తొమ్మిది జనవరిల మా మేనమామ ఎంట వచ్చిన. నూలుకే వచ్చినం, అది మాత్రం నిజం. ఆయన దుకాణంలకు పోయి మీ బాపుతోటి మాట్లాడుతుండు. నేను బయట సైకిలు పట్టుకొని నిలబడ్డ. నువ్వు మిద్దె మీద నూలు ఆరేస్తున్నవ్. ఎర్ర నూలు. అప్పుడే అద్దకం తొట్టిలకెళ్ళి తీసినట్టున్నరు, నీళ్ళు సరిగ్గ పిండలే. ఎర్ర నీళ్ళు మిద్దె అంచుకెళ్ళి కారి నా భుజం మీద పడ్డయ్.”

“పడ్డయా? నాకు తెల్వదే.”

“నీకెట్ల తెలుస్తది. నువ్వు కిందికి చూడలే ఆనాడు. పాట పాడుకుంట నీ పని నువ్వు చేసుకుంటున్నవ్. ఇంటికి పోయినంక మా అవ్వ గా అంగీని మూడుసార్లు ఉతికింది. మరక పోలే. మంచిగైంది అనుకున్న. ఇన్నేండ్ల సంది రంగులు కలుపుతున్న గద, గా ఎరుపు మాత్రం నాకు ఇప్పటిదాక కలవలే.”

“…ఎన్నడు చెప్పలే నాకు.”

“ఏం చెప్పాలె.”

“బాపు, అవ్వ కండ్లు తుడుచుకుంటుంది.”

“పొయ్యి పొగ. తర్వాత ఎన్నిసార్లు వచ్చినవ్ చెప్పు.”

“రెండు మూడుసార్లు.”

“సరిగ్గ చెప్పు.”

“తొమ్మిది.”

“తొమ్మిదిసార్లా బాపు? ధర్మపురికెళ్ళి? నడుమ గోదారి ఉన్నది గద.”

“చలికాలంల పడవ. ఎండాకాలంల నీళ్ళు మోకాలు దాకనే ఉంటయ్, సైకిలు భుజానికెత్తుకొని దాటుతుంటి. ఇసుకల కాళ్ళు కాలుతయ్ గని ఏం గాదు. ఒక్కసారి నడిమిట్ల జారి పడ్డ, సైకిలు, నేను, అందరం మునిగినం. తడిసిన బట్టలతోటే వచ్చి అంజన్న హోటల్ ముందట నిలబడ్డ. ఆరేదాక అక్కడ్నే ఉండచ్చని ఖుషీ అయింది.”

“అప్పుడు మనకు వరపూజ అయిందా?”

“ఎక్కడి వరపూజ. సంబంధం మాటే లేదింకా.”

“అంటె మొగిలి వరపూజ అయినంక మూడుసార్లు వచ్చిండు. నువ్వు మాట లేకముందే తొమ్మిదిసార్లు వచ్చినవ్.”

“గట్ల లెక్క పెడితె ఎట్లనే.”

“మరి తెర తీసినంకనే చూసిన అని ఎందుకు చెప్పుకుంట వచ్చినవ్? ఊరందరికి, చుట్టాలకు, గీ పొల్లకు?”

“అప్పటి రోజులు వేరే దుర్గవ్వా. నా నోటికెళ్ళి ఒక్క ముక్క జారితె నీ పేరు పాడైతుండె. పెండ్లి పందిట్ల మా దోస్తులు అడిగిండ్లు, పిల్లను ముందే చూసినవారా అని. లేదు, గిప్పుడే మొదలు చూసిన అన్న. ఒక్కసారి అన్నంక ఎట్ల మారుస్త? నీకు గదే చెప్పిన, మా అవ్వకు గదే చెప్పిన. చెప్పంగ చెప్పంగ నాకే నిజమనిపిచ్చింది.”

“గీ పొద్దు పొద్దున గూడ నిజమనిపిచ్చే అంగీ అడిగినవా?”

“గా పోరడు నిలబడ్డడంటె కోపమొచ్చింది. అంజన్న నలుగురిల నవ్వుకుంట చెప్పిండు. ఆడపిల్ల బాపును, కోపం రాదా? బాలలక్ష్మి.”

“ఏంది బాపు.”

“ఇటు కూసో. నువ్వేమన్న మాట్లాడినవా వానితోటి?”

“లేదు బాపు. ఒక్క మాట గూడ మాట్లాడలే.”

“ఒట్టుగ?”

“ఒట్టుగ. ఆయనే గిర్ని పోచవ్వతోటి ఒక మాట అడిగిపిచ్చిండు.”

“ఏం అడిగిండు?”

“వరపూజనాడు పెద్దలు అన్నీ మాట్లాడుకున్నరట. బట్టలు, బాజాలు, బండ్లు, అందరికి అన్నీ అడిగిండ్లట. నన్ను మాత్రం ఎవ్వరూ ఏం అడగలేదట. నీకు ఇష్టమేనా, ఎవరన్న బలవంత పెట్టిండ్లా, గదొక్కటి నా నోటితోటి చెప్పాలెనట. ఇష్టం లేకుంటె ఆయనే ఏదో సాకు చెప్పి తప్పుకుంటడట, నా మీదికి మాట రాకుంట.”

“గట్లన్నడా?”

“పోచవ్వ గట్లనే చెప్పింది.”

“నువ్వేం చెప్పినవ్?”

“ఎట్ల చెప్పాలె? మూడుసార్లు వచ్చిండు. మూడుసార్లు నువ్వు వాకిట్ల బోర్డు ముందటేసుకొని, నెత్తి లేపకుంట కూసున్నవ్. పోచవ్వతోటి జవాబు పంపుడు మంచిగ లేదని నేనే ఆగిన. నేనే చెప్పాలె గద.”

“మరి… చెప్పేదేంది? నాకు చెప్పు. నేను గూడ అడగలే నిన్ను. ఇగో, ఇప్పుడు అడుగుతున్న.”

“ఇష్టమే బాపు.”

“మెల్లగ అంటున్నవ్, భయానికా?”

“అవ్వ ముందట సిగ్గైతుంది. ఇష్టమే. మూడుసార్లు వచ్చినంక ఇంకా ఇష్టమైంది.”

“ఇన్నవా దుర్గవ్వా. ఇప్పుడేం జెయ్యాలె?”

“నన్నెందుకు అడుగుతవ్, కాగజ్‌నగర్ పొయ్యేటోడివి నువ్వు.”

“కాగజ్‌నగర్ ఎందుకు మల్ల. ఆదివారం గద ఇయ్యాల, వాడు పనిచేసే కాయితాల మిల్లుకు సెలవు. వచ్చిండా?”

“కిటికీలకెళ్ళి చూసుకో.”

“ఉన్నడు. గిర్ని నీడ గూడ లేదు, ఎండల్నే ఉన్నడు. సైకిలు తలకిందులు పెట్టి చైను ఎక్కిస్తుండు. ఏ, నిజంగనే పడ్డది చైను. చేతులకంత నల్లటి నూనె.”

“నేను చెప్పలే కిరాయి సైకిలని?”

“బిడ్డా, చెంబు నిండ నీళ్ళు తీసుకపో. చేతులు కడుక్కొని లోపటికి రమ్మను. నా పేరు చెప్పి రమ్మను. చాయ్ తాగి, అన్నం తిని పొమ్మను.”

“నేనా పొయ్యేది? అంజన్న హోటల్ కాడ అందరున్నరు బాపు.”

“ఉండనియ్యి. మా బాపే పంపిండు అని గట్టిగ చెప్పు, నలుగురికి ఇనబడేటట్టు. నీ జవాబు గూడ అక్కడ్నే చెప్పుకో, గది మాత్రం మెల్లగ.”

“పోతున్న.”

“చెప్పులేసుకో, కాళ్ళు కాలుతయ్. చూడు దుర్గవ్వా, ఇనకుంటనే ఉరుకుతుంది.”

“ఉరకనియ్యి. నువ్వు గోదారి ఇసుకల నడిచినవ్, అది వాకిలి దాటలేదా?”

“నువ్వు నన్ను మంచిగ పట్టుకున్నవ్ ఇయ్యాల. నీకు ముందే ఎరుకనా ఇదంత?”

“ఎరుకే.”

“ఎరుకుండి ఇన్నేండ్లు ఎందుకడగలే?”

“నువ్వే చెప్తవని చూసిన.”

“ఒక్క మాట మాత్రం నేను ఒప్పుకోను. వీని కథ, నా కథ ఒక్కటి గాదు. వీడు వచ్చుడు ఊరంత తెలిసింది. నేను తొమ్మిదిసార్లు వచ్చిపోయినా పిట్టకు గూడ ఎరుక లేదు. గట్ల నడిపిన. మీ బాపు కంట్ల పడి ఉంటె ఏమైతుండె? సైకిలు గుంజుకొని నన్ను గోదారి దాక తరుముతుండె. పాపం అంతయ్య మామ, పానం పొయ్యేదాక నన్ను అమాయకుడనే అనుకున్నడు.”

“మరి మన సంబంధం ఎట్ల వచ్చింది?”

“ఎట్ల ఏంది. మీ బాపే మా ఇంటికి మనిషిని పంపిండు.”

“గోదారి అవతల ధర్మపురిల కైలాసమని ఒకడున్నడని బాపుకు ఎట్ల ఎరుక?”

“మా మేనమామ చెప్పి ఉంటడు.”

“మీ మేనమామ చెప్పలే. మనిషి మీ వాకిట్లకు వచ్చిన దినం ఆయనే నోరెళ్ళబెట్టిండు, నువ్వే చెప్పినవ్ నాకు.”

“ఔ, నోరెళ్ళబెట్టిండు. మరి ఎవరు చెప్పిండ్లు?”

“గీ కార్డు బాపే తీపిచ్చిండు. చౌరస్తా ఫోటో అచ్చు కొట్టిచ్చి బేరగాళ్ళకు పంపుదామని మంచిర్యాలకెళ్ళి ఫోటో ఆయనను పిలిచిండు. మిద్దె మీద పెట్టె నిలబెట్టిండ్లు, నేను ఎండకు గొడుగు పట్టుకొని గిటు మూలకు నిలబడ్డ. ఆయన నల్లగుడ్డ నెత్తి మీద కప్పుకొని, ‘అంతయ్యా, అంగడి మంచిగ నిండింది, ఇగ తియ్యాల్నా’ అని అడిగిండు. బాపు కిందికి హోటల్ దిక్కు చూసిండు, మల్ల నా మొఖం చూసిండు, చూసి, ‘జర ఆగు, ధర్మపురి సైకిలు ఇంకా రాలే’ అన్నడు.”